కమ్యూనిటీ కళాశాలలో విద్యార్థి విజయం: కొలతలు, ప్రమాణాలు



ఒక పాఠశాల డెబ్బై అయిదేండ్లు నిండించుకొన్న వేళ పెద్దలు సహజంగా వేసే ప్రశ్న ఒకటున్నది: ఇన్నేండ్లలో ఈ బడి ఎందరిని ప్రయోజకులను చేసింది? జవాబుగా కొన్ని పేర్లు వినవస్తాయి. ఒకరు న్యాయవాది, ఒకరు వైద్యులు, ఒకరు మిల్లులో పెద్ద ఉద్యోగి. ఆ పేర్లు గర్వకారణాలే. కాని పేర్ల జాబితా కొలత కాజాలదు. ఒకటవ తరగతిలో చేరిన వారెందరు, వారిలో చివరి తరగతి దాకా వచ్చిన వారెందరు, నడుమ మానివేసిన వారు ఏమైనారు అన్న మూడు ప్రశ్నలకూ జవాబు ఉన్నప్పుడే అది కొలత అనిపించుకొంటుంది.

ఆ మూడవ వర్గాన్ని తిరిగి చదువులోనికి పిలిచే ద్వారం కమ్యూనిటీ కళాశాల. కనుక పాఠశాల ఉత్సవంలో దాని ప్రస్తావన అప్రస్తుతం కాదు. బడి లెక్క ఎక్కడ ఆగిపోతుందో అక్కడ ఆ కళాశాల లెక్క మొదలవుతుంది. అయితే ఆ కళాశాల తన పని చక్కగా చేస్తున్నదా లేదా అని తేల్చడం ఎట్లా? ఉత్తీర్ణత శాతంతోనా, ఉద్యోగాల సంఖ్యతోనా, మరొక దానితోనా? ఈ ప్రసంగానికి విషయం ఇదే.

కమ్యూనిటీ కళాశాల అమెరికాలో పుట్టింది. 1901లో ఇలినాయ్ రాష్ట్రంలోని జోలియెట్ పట్టణంలో ఒక ఉన్నత పాఠశాల ఆధారంగా ఆరుగురు విద్యార్థులతో జూనియర్ కళాశాల ఒకటి ఆరంభమైంది. దూరపు విశ్వవిద్యాలయానికి పోలేని వారికి సొంత ఊరిలోనే మొదటి రెండేండ్ల పై చదువు అందించడం దాని ఉద్దేశం. 1947లో అధ్యక్షుడు ట్రూమన్ నియమించిన ఉన్నత విద్యా సంఘం తన నివేదికలో కమ్యూనిటీ కళాశాల అన్న పేరును ప్రచారంలోనికి తెచ్చింది. అందరికీ తెరచిన ద్వారం, తక్కువ రుసుము, ఇంటికి దగ్గర కావడం దాని ముఖ్య లక్షణాలు.

భారతదేశంలో ఈ భావన మొదట వేళ్లూనినది దక్షిణాదిలోనే. 1995లో పాండిచ్చేరి విశ్వవిద్యాలయం, 1996లో మద్రాసు మైలాపూరు అగ్రపీఠం కమ్యూనిటీ కళాశాలలను నెలకొల్పాయి. జేవియర్ అల్ఫోన్స్ అనే యేసు సభ గురువు చెన్నైలో ఒక కేంద్రాన్ని నడిపి, తమిళనాడులోనూ ఇతర రాష్ట్రాలలోనూ ఈ ఉద్యమాన్ని వ్యాపింపజేశారు. చదువు నడుమ మానిన యువతకూ, పేద స్త్రీలకూ, పని లేని వారికీ ఒక ఏడాదిలో జీవన నైపుణ్యం, వృత్తి నైపుణ్యం, పని చోట శిక్షణ కలిపి అందించడం ఆ నమూనా. 2002లో ఏర్పడిన తమిళనాడు సార్వత్రిక విశ్వవిద్యాలయం తరువాత ఇటువంటి కళాశాలలకు గుర్తింపునిచ్చింది. ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం 2009లో ఒక పథకం ఆరంభించింది. అది కొన్నేండ్లకే నిలిచిపోయింది. 2013లో విశ్వవిద్యాలయాల నిధుల సంఘం తన పథకాన్ని ప్రకటించింది. ఆ ఏడాది డిసెంబరు 27న జాతీయ నైపుణ్య అర్హతల చట్రం వెలువడింది.

విరుదునగర్ జిల్లా వంటి చోట ఇటువంటి చదువు అవసరం స్పష్టమే. మంసాపురం పడమటి కనుమల పాదంలో, శ్రీవిల్లిపుత్తూరుకు రాజపాళయానికి నడుమ ఉన్న ఊరు. 1936లో మొదలైన రాజపాళయం మిల్సు నుండి నేటి దాకా ఈ ప్రాంతానికి నూలే ప్రధాన ఆధారం. సత్రపట్టి వైపు మరమగ్గాల మీద గాయాలకు కట్టే బ్యాండేజీ బట్ట నేస్తారు. మిల్లులోనో మగ్గం దగ్గరనో పని దొరికే ఊరిలో పదవ తరగతి దాటని పిల్లవానికి కూలి త్వరగా దొరుకుతుంది. చదువు త్వరగా తెగిపోతుంది. తెగిన ఆ దారాన్ని మళ్లీ అతికించే పని కమ్యూనిటీ కళాశాలది.

ఇక కొలత సంగతి. అమెరికాలో 1990లో వచ్చిన ఒక చట్టం ప్రతి కళాశాలా తన పట్టభద్రుల శాతాన్ని బహిరంగపరచాలని శాసించింది. మొదటిసారి చేరి, పూర్తి కాలం చదివే విద్యార్థులను మాత్రమే ఆ లెక్కలోనికి తీసుకొన్నారు. కోర్సుకు నిర్ణయించిన కాలానికి ఒకటిన్నర రెట్లలో, అంటే రెండేండ్ల చదువుకు మూడేండ్లలో, ముగించిన వారినే విజేతలుగా ఎంచారు. వినడానికి ఈ సూత్రం న్యాయంగానే ఉన్నది. కాని అక్కడి కమ్యూనిటీ కళాశాలలలో సగానికి మించిన వారు పని చేసుకొంటూ పాక్షిక కాలం చదివేవారు. వారు లెక్కలోనే లేకపోయారు. ఏడాది చదివి పెద్ద విశ్వవిద్యాలయానికి మారినవారు, అసలు ఉద్దేశాన్నే నెరవేర్చినప్పటికీ, పట్టా పొందినవారిలో చేరలేదు.

ఈ లోపం ఎంతటిదో తెలుసుకోవడానికి ముగ్గురు విద్యార్థులను ఊహించుకోవచ్చును. మొదటి ఆమె ఇద్దరు బిడ్డల తల్లి. పగలు మరమగ్గం దగ్గర పని, సాయంత్రం కంప్యూటరు మీద లెక్కలు వ్రాయడం నేర్చుకొంటున్నది. ఏడాది కోర్సును రెండేండ్లకు ముగించింది. రెండవ అతడు విద్యుత్ పని నేర్చుకొంటూ శిక్షణకై ఒక మిల్లుకు వెళ్లాడు. అతని పనితనం నచ్చి, నాలుగవ నెలలోనే వారు ఉద్యోగమిచ్చారు. అతడు పరీక్షకు కూర్చోలేదు. మూడవ అతడు క్రమం తప్పక చదివి, సకాలంలో మంచి మార్కులతో సర్టిఫికెట్ అందుకొన్నాడు. రెండేండ్ల తరువాత చూస్తే, నేర్చిన విద్యతో సంబంధమే లేని పనిలో పాత కూలికే ఉన్నాడు. గడువులోగా పట్టా అన్న ఒకే కొలతతో చూస్తే, మొదటి ఇద్దరూ ఓడినవారు, మూడవవాడు గెలిచినవాడు. జీవితం చెప్పే తీర్పు దీనికి సరిగా ఎదురు.

కొలత తప్పయితే నష్టం కాగితానికే పరిమితం కాదు. కొలిచే తీరును బట్టి సంస్థ నడక మారిపోతుంది. 1862లో ఇంగ్లండులో పరీక్షలో నెగ్గిన పిల్లల లెక్కను బట్టి బడులకు గ్రాంటు ఇచ్చే పద్ధతి వచ్చింది. చదవడం, వ్రాయడం, లెక్కలు మాత్రమే పరీక్షకు వస్తాయి గనుక ఉపాధ్యాయులు తక్కినవాటిని పక్కకు నెట్టారు. తనిఖీ అధికారి వచ్చే రోజు కోసం పిల్లలు పాఠాలను అర్థం లేకుండా వల్లెవేశారు. ఆ శతాబ్దం ముగిసేలోగా ఇంగ్లండు ఆ పద్ధతిని విడిచిపెట్టింది. ఫలితాలను బట్టి గ్రాంటు ఇచ్చే ఆ విధానం పందొమ్మిదవ శతాబ్దపు ఉత్తరార్ధంలో మద్రాసు రాజధాని పాఠశాలలలోనూ అమలైంది. అంటే ఈ సమస్య ఈ గడ్డకు కొత్తది కాదు.

కమ్యూనిటీ కళాశాల విషయంలో ఈ ప్రమాదం మరింత పెద్దది. ఉత్తీర్ణత శాతమే ఏకైక కొలత అయిన నాడు దానిని పెంచడానికి రెండు మార్గాలున్నాయి. ఒకటి, బోధనను బాగుచేయడం; ఇది కష్టం, కాలం పడుతుంది. రెండవది, బలహీనులను చేర్చుకోకపోవడం. ఇది సులభం, ఒక్క సంవత్సరంలోనే ఫలిస్తుంది. గడప వద్దనే వెనుకకు పంపబడిన విద్యార్థి ఏ పట్టికలోనూ కనబడడు. ఎవరి కోసం కళాశాల పుట్టిందో వారినే బయట నిలిపి, ఆ కళాశాల పత్రికలలో ప్రథమ స్థానం పొందగలదు.

ఒకే అంకెతో ఒక ప్రాంతాన్ని తూచడం ఎంత అసంపూర్ణమో సొంత జిల్లాయే సాక్ష్యం. ప్లస్ టూ పరీక్షల ఉత్తీర్ణతలో విరుదునగర్ జిల్లా ఎన్నో సంవత్సరాలు రాష్ట్రంలో అగ్రస్థానాన నిలిచింది. 2017లోనూ 2018లోనూ ప్రథమ స్థానం దీనిదే. అదే 2018 జనవరిలో కేంద్ర ప్రభుత్వం దేశంలో వెనుకబాటును తీర్చవలసిన జిల్లాలను ఎంపిక చేసినప్పుడు, తమిళనాడు నుండి తీసుకొన్న రెండు జిల్లాలు రామనాథపురం, విరుదునగర్. ఈ రెండు మాటలూ నిజమే. ఒకటి పరీక్ష గదిలో కూర్చున్న వారిని లెక్కించింది. రెండవది పరీక్షలకు వెలుపలి జీవన స్థితులను కూడా కలిపి చూసింది. మంచి మార్కులు వచ్చిన చోట మంచి బ్రతుకు తనంతట తానే రాలేదని ఈ రెండు అంకెలను పక్కపక్కన పెడితే తెలుస్తుంది. తమిళనాడు ప్రభుత్వం 2017లో పది, ప్లస్ టూ పరీక్షలలో ర్యాంకుల ప్రకటనను మానివేయడం కూడా ఈ సందర్భంలో గుర్తుంచుకోదగినది.

ఉన్నత విద్యలో చేరికను తెలిపే అంకె కూడా ఇటువంటిదే. 2021-22 అఖిల భారత సర్వేలో దేశపు స్థూల నమోదు నిష్పత్తి 28.4 శాతం కాగా తమిళనాడుది 47 శాతం. ఇది గొప్ప విజయం. అయినా ఇది ద్వారంలో అడుగుపెట్టిన వారి లెక్క. లోపల ఏమి జరిగిందో, బయటికి ఎట్లా వచ్చారో ఈ అంకె చెప్పదు.

మరి మేలైన కొలత ఏది? ఈ ప్రశ్నకు ఇటీవలి కాలంలో కొన్ని మంచి ప్రయత్నాలు జరిగాయి. వాషింగ్టన్ రాష్ట్రం 2007లో ఒక కొత్త పద్ధతి చేపట్టింది. పట్టా ఒక్కటే కాక, దారిలోని మైలురాళ్లను కూడా లెక్కించారు: ప్రాథమిక నైపుణ్యంలో ఎదుగుదల, మొదటి 15 క్రెడిట్లు, తరువాత 30 క్రెడిట్లు, కళాశాల స్థాయి గణితం, చివరకు సర్టిఫికెట్. చదవడమే సరిగా రాని విద్యార్థిని ఒక మెట్టు ఎక్కించిన కళాశాలకు కూడా గుర్తింపు దక్కింది. కనుక బలహీనుని చేర్చుకోవడం నష్టం కాకుండా పోయింది. 2011లో అమెరికా కమ్యూనిటీ కళాశాలల సంఘం మరొక చట్రం రూపొందించి, విద్యార్థిని ఆరేండ్ల దాకా అనుసరించి చూడాలని, మారిపోయిన వారిని, ఇంకా చదువుతున్న వారిని కూడా లెక్కలో చూపాలని పేర్కొన్నది. తరువాత అక్కడి కేంద్ర ప్రభుత్వపు గణాంకాలు కూడా పాక్షిక కాలపు విద్యార్థులను చేర్చి, ఎనిమిదేండ్ల వరకు వారి గతిని నమోదు చేయసాగాయి.

నిధుల విషయంలో కాలిఫోర్నియా 2018లో ఆమోదించిన సూత్రం ఆలోచింపదగినది. అందులో 70 శాతం చేరికను బట్టి, 20 శాతం పేద విద్యార్థుల సంఖ్యను బట్టి, 10 శాతం ఫలితాలను బట్టి ఉండేటట్లు మొదట ఉద్దేశించారు. ఫలితానికి విలువనిస్తూనే, పేదలను చేర్చుకొన్నందుకు దానికంటె ఎక్కువ విలువనివ్వడం ఇందులోని వివేకం. ద్వారం మూసి శాతం పెంచుకొనే ఆశకు ఇది కొంత అడ్డుకట్ట.

ఇక్కడ ఒక ఆక్షేపణ వినవస్తుంది. బలహీనులను చేర్చుకోవడం, కాలాన్ని సడలించడం, మెట్టుమెట్టుకూ గుర్తింపునివ్వడం అన్నీ కలిసి ప్రమాణాన్ని దిగజార్చవా? ఆక్షేపణ న్యాయమైనదే. దీనికి సమాధానం కొలతకూ ప్రమాణానికీ గల భేదంలో ఉన్నది. ప్రమాణం విద్యార్థి చూపవలసిన పనితనానికి సంబంధించినది. కొలత సంస్థ చేసిన సేవకు సంబంధించినది. ఆసుపత్రిలో సహాయకురాలిగా శిక్షణ పొందిన ఆమె రోగికి ఇచ్చే మందు మోతాదును సరిగా చదవగలగాలి. ఆమె పేదదా, ఆలస్యంగా చదువుకొన్నదా అన్నది అక్కడ ప్రశ్న కాదు. మోతాదు తప్పితే రోగి ప్రాణానికే ముప్పు. విద్యుత్ పనివాడు భూసంధానం సరిగా చేయకపోతే ప్రమాదం జరగవచ్చును. కావున తుది ప్రమాణంలో దయకు తావు లేదు.

దయకు తావున్నది కాలంలో, సహాయంలో, మళ్లీ ప్రయత్నించే అవకాశంలో. ఏడాదిలో నేర్చినవాడూ మూడేండ్లలో నేర్చినవాడూ ఒకే పని ఒకే తీరున చేయగలిగితే ఇద్దరి సర్టిఫికెట్టుకూ ఒకే విలువ ఉండాలి. సాధారణ పద్ధతిలో కాలం స్థిరం, నేర్పు చంచలం: ఏడాది ముగియగానే కొందరు 90 మార్కులతో, కొందరు 35 మార్కులతో బయటికి వస్తారు. కమ్యూనిటీ కళాశాలలో ఇది తలక్రిందులు కావాలి: నేర్పు స్థిరం, కాలం చంచలం. విశ్వవిద్యాలయాల నిధుల సంఘం పథకంలో వృత్తి నైపుణ్యానికి 60 శాతం, సాధారణ విద్యకు 40 శాతం పాలు కేటాయించినందున చేతి పని పరీక్షకు పెద్ద స్థానమే దక్కింది. ఆ పరీక్షను బోధించినవారే కాక పరిశ్రమ నుండి వచ్చిన అనుభవజ్ఞులు కూడా కలిసి నిర్వహించినప్పుడే దానికి ఊరిలో విలువ నిలుస్తుంది.

బయలుదేరిన చోటును లెక్కించడం ఈ ప్రాంతపు తెలుగువారికి మరింత ముఖ్యం. ఇంటిలో తెలుగు, వీధిలో తమిళం, పుస్తకంలో ఆంగ్లం అన్న స్థితిలో ఎందరో పిల్లలు పెరుగుతున్నారు. 2006లో వచ్చిన తమిళ అభ్యసన చట్టం ఒకటవ తరగతి నుండి క్రమంగా తమిళాన్ని అన్ని బడులలో తప్పనిసరి పాఠ్యాంశం చేసింది. రాష్ట్ర భాష నేర్వడం అవసరమే, ఉపయోగమే. అయితే రెండు భాషల నడుమ నడిచి వచ్చిన పిల్లవాని 50 మార్కులూ, ఇంటి భాషలోనే చదువుకొన్న పిల్లవాని 50 మార్కులూ ఒకే దూరాన్ని సూచించవు. చేరిన నాటి స్థితిని వ్రాసి ఉంచకపోతే ఆ తేడా ఎవరికీ తెలియదు. అంతేకాదు, తెలివి తక్కువ అని పొరపాటున ముద్రపడే ప్రమాదమున్నది.

పొరుగునే ఉన్న శ్రీవిల్లిపుత్తూరు కథనే తీసుకోండి. శ్రీకృష్ణదేవరాయల ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడు శాస్త్రాలు చదివినవాడు కాడు. పూలతోట పెంచి మాలలు కట్టడం ఆయన నిత్యకృత్యం. మధురలో పాండ్యరాజు సభకు పొమ్మని స్వామి ఆజ్ఞాపిస్తే, చదువురాని తోటమాలిని ఎట్లా పంపుతావని వెనుకాడాడు. చివరకు ఆ సభలో వాదించి గెలిచినవాడు ఆయనే. కథలో అది దైవానుగ్రహం. లోకంలో ప్రతివానికీ అటువంటి అనుగ్రహం ఎదురుచూడడం సాధ్యం కాదు గనుక, తోటమాలికి కూడా సభా ద్వారం తెరచి ఉంచే సంస్థలు కావాలి. ప్రవేశ పరీక్ష మార్కులతోనే మనిషిని నిర్ణయిస్తే విష్ణుచిత్తుడు గడప దాటి ఉండేవాడు కాడు.

ఈ ఆలోచనలను ఆచరణలో పెట్టడానికి పెద్ద ధనం అక్కరలేదు. ప్రతి కమ్యూనిటీ కళాశాలా ఒక రిజిస్టరు ఉంచుకొంటే చాలును. అందులో ఒక్కొక్క విద్యార్థికి అయిదు గడులు. మొదటిది, చేరిన నాటి స్థితి: ఎంత చదివారు, ఇంటి భాష ఏది, ఏ పని చేస్తున్నారు, ఏమి కోరి వచ్చారు. రెండవది, దారిలో దాటిన మైలురాళ్లు, వాటి తేదీలు. మూడవది, తుది నైపుణ్య పరీక్ష ఫలితం. నాలుగవది, మానివేసినట్లయితే కారణం: పెళ్లా, షిఫ్టు మార్పా, బస్సు లేకపోవడమా, పాఠం అర్థం కాకపోవడమా, లేక మంచి ఉద్యోగం దొరకడమా. అయిదవది, ఏడాది తరువాత, మూడేండ్ల తరువాత వారి పని, సంపాదన, పై చదువు.

వీటిలో నాలుగవ గడి అన్నింటికంటె విలువైనది; సాధారణంగా ఎవరూ పూరించనిదీ అదే. పదిమంది షిఫ్టు మారినందువల్ల మానివేశారని తెలిస్తే, తరగతి వేళ మార్చవచ్చును. పదిమంది బస్సు లేక మానివేశారని తెలిస్తే, పంచాయతీ పెద్దలను ఆశ్రయించవచ్చును. పాఠం అర్థం కాలేదని తెలిస్తే, దోషం తరగతి గదిలో వెదకవలసి ఉంటుంది. శాతం మాత్రం తెలిస్తే సంతోషమో దుఃఖమో కలుగుతుంది. కారణం తెలిస్తే చేయవలసిన పని తెలుస్తుంది.

ఈ రిజిస్టరును సంస్థల మధ్య పోటీకి వాడరాదు. పేర్లు బయటపెట్టరాదు, మొత్తాలను మాత్రమే ఏడాదికొకసారి తల్లిదండ్రుల ముందు చదవాలి. చదివేటప్పుడు భిన్నంలో క్రింది అంకెగా పరీక్షకు కూర్చున్న వారిని కాక, చేరిన వారందరినీ తీసుకోవాలి. నలభైమంది చేరి, ఇరవైమంది పరీక్షకు కూర్చుని, పందొమ్మిదిమంది నెగ్గితే, దానిని 95 శాతం అని చెప్పవచ్చును. 47.5 శాతం అనీ చెప్పవచ్చును. మొదటి మాట గోడమీద వ్రాసుకోవడానికి పనికివస్తుంది. రెండవది తక్కిన ఇరవైమంది ఇంటికి దారి చూపుతుంది.

ఈ పద్ధతి కమ్యూనిటీ కళాశాలకు ఎంత అవసరమో, డెబ్బై అయిదేండ్లు నిండిన పాఠశాలకూ అంతే అవసరం. పాత హాజరు పుస్తకాలలో ఒకటవ తరగతిలో చేరి, ఆ తరువాత ఏ తరగతిలోనూ కనబడని పేర్లున్నాయి. వారిలో చాలామంది ఈ చుట్టుపక్కల మిల్లులలో, పొలాలలో, మగ్గాల దగ్గర జీవితం గడిపినవారే. వారి బిడ్డలూ మనుమలూ నేడు ఏ చదువు ద్వారం వద్ద నిలిచి ఉన్నారో తెలుసుకోవడం పూర్వ విద్యార్థుల సంఘానికి అసాధ్యమైన పని కాదు. ఉత్సవానికి వచ్చినవారి పేర్లతో పాటు, రాలేకపోయిన వారి జాబితా కూడా ఈ ఏడాది తయారుకావాలి. కొలత అక్కడి నుండి మొదలుకావాలి.